తాళంచెవి పెద్దల దగ్గరే ఉండాలి

(మన సంఘం వార్షిక సర్వసభ్య సమావేశంలో, పోలీసు సాయుధ విభాగంలో ఆర్మరర్‌గా పనిచేసి రిటైరైన సభ్యుడొకరు చేసిన ప్రసంగ పాఠం)



కరువు భత్యం గురించి, వైద్య ఖర్చుల బిల్లుల గురించి ఇంతకుముందే పెద్దలు చెప్పారు. వాటి మీద నేను కొత్తగా చెప్పగలిగింది లేదు. ఈ ప్రత్యేక సమావేశంలో "పిల్లల పెంపకంలో పెద్దల బాధ్యత" అనే విషయం మీద నాలుగు మాటలు చెప్పమని కార్యదర్శిగారు నన్ను ఆదేశించారు. నేను పండితుణ్ణి కాను, ఉపాధ్యాయుణ్ణీ కాను. 1966లో కానిస్టేబుల్‌గా చేరి, ఆర్మరర్ కోర్సు చేసి, 2003లో రిటైరయ్యేదాకా తుపాకుల మధ్యనే బతికినవాణ్ణి. కాబట్టి ఆ బాధ్యత ఏమిటో నాకు తెలిసిన వస్తువు దగ్గరే చెబుతాను. ఇంట్లో తుపాకీ ఉంటే పిల్లలకు దానిపట్ల గౌరవం ఎలా నేర్పాలి, నేర్పిన తర్వాత కూడా మనం చేయవలసింది ఏమి మిగిలి ఉంటుంది అన్నది ఈనాటి నా విషయం.

"మా ఇంట్లో తుపాకీ ఎక్కడిదయ్యా?" అని మీలో చాలామంది అనుకుంటూ ఉంటారు. నిజమే. కాని ఈ హాలులోనే లైసెన్సు తుపాకీ ఉన్నవారు నాకు తెలిసి కొందరున్నారు. పల్లెల్లో అడవిపందుల బెడదకు పంట కాపలా కోసం తీసుకున్నవారున్నారు. రిటైరయ్యాక బ్యాంకుల్లో గన్‌మన్‌గా చేరినవారున్నారు. ఇక మన పిల్లల్లో ఎంతమంది అమెరికాలో ఉన్నారో చెప్పనక్కరలేదు. అక్కడ మన ఇంట్లో లేకపోయినా పక్కింట్లో ఉండవచ్చు. ఆ పక్కింటికి మన మనవలు ఆడుకోవడానికి వెళతారు.

ముందుగా నా ఉద్యోగం గురించి కొంచెం చెప్పాలి. అది తెలిస్తేనే తర్వాత చెప్పబోయే నా తప్పు ఎంతటిదో మీకు అర్థమవుతుంది.

పోలీసు లైనులో ఆయుధాలు పెట్టే గదిని బెల్ ఆఫ్ ఆర్మ్స్ అంటారని మన శాఖవారికి తెలుసు. నేను చేరిన రోజుల్లో అక్కడ 303 రైఫిళ్ళు, 410 మస్కెట్లు ఉండేవి. తర్వాత ఎస్‌ఎల్‌ఆర్‌లు వచ్చాయి. ప్రతి తుపాకీకీ ఒక బట్ నంబరు. ర్యాకులో వరసగా నిలబెట్టి, ట్రిగ్గర్ గార్డుల గుండా గొలుసు దూర్చి తాళం వేసేవాళ్ళం. తూటాలు వేరే పెట్టెలో, వేరే తాళం కింద ఉండేవి. బయట సెంట్రీ ఉండేవాడు. ఎవరికి ఏ నంబరు ఇచ్చామో రిజిస్టరులో రాసి సంతకం తీసుకునేవాళ్ళం. డ్యూటీ దిగి వచ్చినవాడు "ఫర్ ఇన్‌స్పెక్షన్, పోర్ట్ ఆర్మ్స్" అనగానే బోల్టు వెనక్కి లాగి ఛాంబరు ఖాళీగా ఉందని చూపించాలి. అతను చూపించాడు కదా అని నేను వదిలేసేవాణ్ణి కాదు. నా కంటితో నేను చూసుకునేవాణ్ణి. ఫైరింగ్ ప్రాక్టీసు రోజున ఎన్ని తూటాలు ఇచ్చామో అన్ని ఖాళీ కేసులు తిరిగి రావాలి. ఒక్కటి తక్కువైతే అందరం వంగి గడ్డిలో వెతికేవాళ్ళం. ఒకసారి దీపాలు పెట్టేవేళ దాకా వెతికిన రోజు కూడా ఉంది.

ఇదంతా ఎవరి విషయంలో? నెలల తరబడి శిక్షణ పొంది, ప్రమాణం చేసి, జీతం తీసుకుంటున్న ముప్పై, నలభై ఏళ్ళ మగవాళ్ళ విషయంలో. వాళ్ళ మీద మాకు నమ్మకం లేక కాదు. మనిషికి మరుపు, నిద్ర, కోపం, కంగారు సహజమని ఆ పద్ధతులు పెట్టినవారికి తెలుసు.

ఇక నా సంగతి. 2003లో రిటైరయ్యాక చిన్నమ్మాయి పెళ్ళి బాధ్యత ఇంకా ఉండడంతో ఒక బ్యాంకులో గన్‌మన్‌గా చేరాను. లైసెన్సు తీసుకుని 12 బోర్ ఒంటిగొట్టం తుపాకీ కొనుక్కున్నాను. సాయంత్రం బ్యాంకు మూశాక దాన్ని ఇంటికి తెచ్చుకునేవాణ్ణి. పడకగదిలో బీరువా పక్క మూలన, కాన్వాసు ఒరలో నిలబెట్టేవాణ్ణి. పది తూటాలు బీరువా పై అరలో పాత బిస్కెట్ల డబ్బాలో ఉండేవి. బీరువా తాళంచెవి గోడకున్న దేవుడి పటం వెనక మేకుకు తగిలించేవాణ్ణి. తుపాకీ ఒకచోట, తూటాలు ఇంకోచోట, తాళంచెవి మూడోచోట ఉన్నాయి కదా, ఇంతకంటె జాగ్రత్త ఏముంటుందని అనుకున్నాను.

అప్పుడు మా పెద్దమ్మాయి కొడుకు మా దగ్గరే ఉండి చదువుకునేవాడు. ఎనిమిదేళ్ళవాడు. ప్రతి ఆదివారం పొద్దున నేను వరండాలో చాప వేసుకుని తుపాకీ విప్పి, గొట్టంలో గుడ్డ దూర్చి, నూనె రాసేవాణ్ణి. వాడు నా ఎదురుగా మఠం వేసుకుని కూర్చునేవాడు. పిల్లవాడికి భయం కాదు, గౌరవం నేర్పాలని నా పట్టుదల. నాలుగు సూత్రాలు చెప్పాను. తాతయ్య లేకుండా ముట్టుకోకూడదు. ఏ తుపాకీనైనా తూటా ఉన్నట్టే చూడాలి. ఎవరివైపూ గొట్టం తిప్పకూడదు, నేలకేసే ఉంచాలి. వేలు ట్రిగ్గరు మీద పెట్టకూడదు. వాడు ఎక్కాలు అప్పజెప్పినట్టు అప్పజెప్పేవాడు. మా ఇంటికి మిత్రులు వస్తే వాడిచేత చెప్పించేవాణ్ణి. ఈ హాలులో ఉన్నవారిలో కొందరు విన్నారు కూడా. "ఆర్మరర్‌గారి మనవడనిపించాడు" అని మెచ్చుకుని వాడి చేతిలో రూపాయి పెట్టినవారున్నారు. నా ఛాతీ పొంగింది.

2004 మే నెలలో ఒక ఆదివారం మధ్యాహ్నం. నేను తుపాకీ శుభ్రం చేసి మూలన పెట్టి, ఒక మిత్రుణ్ణి చూడడానికి ఆసుపత్రికి వెళ్ళాను. మా ఆవిడ మేడమీద వడియాలు ఎండబెడుతోంది. చిన్నమ్మాయి ముందు గదిలో పోటీ పరీక్షకు చదువుకుంటోంది. పక్కింటి ఆరేళ్ళ పిల్లవాడు ఆడుకోవడానికి వచ్చాడు. వచ్చినవాడు "మీ తాతయ్యది ఉత్తుత్తి తుపాకీ" అన్నాడట. అంతే. మనవడికి పౌరుషం వచ్చింది. ఒర విప్పి తుపాకీ బయటికి తీశాడు. నేను చేసినట్టే మీట పక్కకు నొక్కి గొట్టం వంచి, లోపల ఖాళీ అని చూపించాడు. పక్కింటివాడు అప్పటికీ నమ్మలేదు. వీడు స్టూలు వేసుకుని, దేవుడి పటం వెనక చెయ్యి పెట్టి తాళంచెవి తీశాడు. బీరువా తెరిచి, డబ్బాలోంచి ఒక తూటా తీసి, అది ఎలా సరిపోతుందో చూపించడానికి గొట్టంలో పెట్టాడు. గొట్టం మూశాడు. రెండు బొటనవేళ్ళతో గుర్రం కూడా వెనక్కి లాగాడు.

అక్కడితో వాడికి తెలిసింది అయిపోయింది. లాగిన గుర్రాన్ని మెల్లగా దించడం నేను వాడికి ఎప్పుడూ చూపించలేదు. భయం పట్టుకుంది. గొట్టం వంచడం తెలిసినా చేతులు కదపడానికి ధైర్యం చాలలేదు. ఎవరివైపూ తిప్పకూడదని నేను చెప్పిన మాట గుర్తుంది కనుక గొట్టాన్ని నేలకేసి పట్టుకుని, కళ్ళవెంట నీళ్ళు కారుతుండగా, అరవడానికి కూడా భయపడి అలాగే నిలబడిపోయాడు. ఆ బరువు మోయలేక చేతులు వణుకుతున్నాయి. పక్కింటివాడు పరుగెత్తాడు. ఆ పరుగు చూసి చిన్నమ్మాయి లోపలికి వచ్చింది.

ఆ పిల్ల కేక వేయలేదు. అది మా అదృష్టం. మెల్లగా మాట్లాడుతూ దగ్గరికి వెళ్ళి, వాడి వేళ్ళు ట్రిగ్గరుకు దూరంగా ఉన్నాయని చూసి, తుపాకీ తన చేతుల్లోకి తీసుకుంది. గొట్టాన్ని మూలనున్న బియ్యం బస్తాలకేసి పెట్టి, వాణ్ణి బయటికి పొమ్మంది. ఆమెకూ గుర్రం దించడం తెలియదు. ఎక్కడ ఏది కదిపితే ఏమవుతుందోనని అలాగే నిలబడింది. నేను ఆసుపత్రి నుంచి వచ్చి, ఆమె చేతుల్లోంచి తుపాకీ తీసుకుని, గొట్టం వంచి తూటా తీసేదాకా ఇరవై నిమిషాలు ఆ పిల్ల అలా నిలబడే ఉంది. తూటా బయటికి వచ్చాక కూర్చుంది. ఆ తర్వాతే ఏడ్చింది.

మిత్రులారా, ఏమీ జరగలేదు. తుపాకీ పేలలేదు. ఎవరికీ చిన్న గీత కూడా పడలేదు. కాని ఆ రాత్రి నేను నిద్రపోలేదు. మనవడు నా పక్కలో పడుకుని, చీకట్లో ఒక మాట అన్నాడు. "తాతయ్యా, నువ్వు చెప్పినట్టే నేలకేసే పట్టుకున్నాను. ఎవరివైపూ పెట్టలేదు."

వాడు చెప్పింది నిజం. నేను నేర్పిన నాలుగు సూత్రాల్లో మూడు పాటించాడు. ముట్టుకోకూడదన్న మొదటి దాన్ని మాత్రం పాటించలేకపోయాడు. ఎనిమిదేళ్ళ పిల్లవాడు తోటివాడి ముందు మాట పడితే పాటించలేనిది అదొక్కటే.

మరునాడు పొద్దున కాఫీ ఇస్తూ మా ఆవిడ ఒక ప్రశ్న అడిగింది. "ఏమండీ, అంత శిక్షణ పొందిన కానిస్టేబుళ్ళకు తుపాకీ అంటే గౌరవం ఉండేది కదా. మరి వాళ్ళను నమ్మి మీ ఆయుధాల గదికి తాళం తీసి ఉంచేవారా?"

ముప్పై ఏడేళ్ళ సర్వీసులో ఏ పై అధికారీ నన్ను అంత సూటిగా అడగలేదు. నా దగ్గర జవాబు లేదు. పెద్దవాళ్ళను నమ్మక గొలుసు వేసినవాణ్ణి, పిల్లవాణ్ణి నమ్మి దేవుడి పటం వెనక తాళంచెవి పెట్టాను. అసలు ఇంట్లో పిల్లలకు తెలియని తాళంచెవి అంటూ ఉండదు. వాళ్ళు మన చేతులనే చూస్తూ ఉంటారు.

ఆ రోజే ఇనుప పెట్టె చేయించాను. గోడకు బిగించి, ట్రిగ్గర్ గార్డు గుండా గొలుసు వేశాను. తూటాలకు వేరే తాళం. రెండు తాళంచెవులూ నా మొలతాడుకు కట్టుకున్నాను. మరుసటి ఏడాది చిన్నమ్మాయి పెళ్ళి కాగానే ఉద్యోగం మానేసి, అనుమతి తీసుకుని తుపాకీని లైసెన్సు ఉన్న డీలరుకు అమ్మేశాను. ఈ సంగతి ఇన్నేళ్ళుగా నేను బయట ఎవరికీ చెప్పలేదు. ఆర్మరర్ ఇంట్లో ఇలా జరిగిందంటే నామోషీ అనుకున్నాను. ఆనాడు వాడికి రూపాయి ఇచ్చిన మిత్రులు నన్ను క్షమించాలి.

నా ఒక్కడి అనుభవాన్ని పట్టుకుని అందరికీ చెప్పడం న్యాయం కాదని ఎవరైనా అనవచ్చు. అమెరికాలో వైద్యులు చేసిన ఒక పరీక్ష సంగతి చెబుతాను. ఇది 2001లో అక్కడి పిల్లల వైద్యుల పత్రిక 'పీడియాట్రిక్స్'లో వచ్చింది. 8 నుంచి 12 ఏళ్ళ మగపిల్లలను 64 మందిని తీసుకున్నారు. ఇద్దరు ముగ్గురు చొప్పున 29 జట్లుగా చేసి ఒక గదిలో కూర్చోబెట్టారు. గదిలోని సొరుగులో నిజమైన చేతి తుపాకీ, తూటాలు లేనిది, పెట్టి అద్దం వెనక నుంచి గమనించారు. 21 జట్ల పిల్లలు దాన్ని కనుక్కున్నారు. అందులో 16 జట్లు చేతిలోకి తీసుకున్నాయి. 10 జట్లలో ఎవరో ఒకరు ట్రిగ్గరు నొక్కారు. ఇప్పుడు అసలు సంగతి వినండి. తుపాకీ పట్టుకున్న పిల్లల్లో నూటికి తొంభై మందికి పైగా, తుపాకీ జాగ్రత్తల గురించి తమకు ఇదివరకే ఎవరో చెప్పారని అన్నారు. మరొకటి. "మావాడికి తుపాకులంటే ఆసక్తి లేదండీ" అని తల్లిదండ్రులు చెప్పిన పిల్లలు కూడా, ఆసక్తి ఉన్నవాళ్ళలాగే పట్టుకున్నారు, నొక్కారు. దొరికిన వస్తువు నిజమైనదో బొమ్మో సగం మందికి తెలియలేదు.

అంటే నేర్పడం దండగ అని నేను అనడం లేదు. నేను నేర్పిన మాట వల్లనే ఆ రోజు మనవడు గొట్టాన్ని పక్కింటివాడి వైపు తిప్పలేదు. చదువు పిల్లవాడికి రెండో రక్షణ. మొదటి రక్షణ తాళం. ఆ మొదటిదాన్ని పెట్టవలసింది పెద్దవాళ్ళు. దాన్ని పిల్లల మీదకు తోసి, "వాడికి అన్నీ చెప్పాను" అనడం బాధ్యత కాదు.

2024 ఏప్రిల్లో చిన్నమ్మాయి దగ్గరికి అమెరికా వెళ్ళాను. మిషిగన్ రాష్ట్రంలో ఉంటుంది. నేను దిగిన నెలలోనే అక్కడ అందరి నోటా ఒక కేసు గురించే మాట. ఆ రాష్ట్రంలోని ఆక్స్‌ఫర్డ్ అనే ఊళ్ళో 2021 నవంబరు 30న పదిహేనేళ్ళ కుర్రవాడు బడిలో కాల్పులు జరిపి నలుగురు విద్యార్థులను చంపాడు. ఆ తుపాకీ నాలుగు రోజుల ముందే తండ్రి వాడికోసం కొన్నది. తల్లి వాణ్ణి ఫైరింగ్ రేంజికి తీసుకెళ్ళి ప్రాక్టీసు కూడా చేయించింది. ఆ పొద్దున కుర్రవాడు కాగితం మీద గీసిన బొమ్మ చూసి బడివారు తల్లిదండ్రులను పిలిపించారు. వాళ్ళు వచ్చారు, పిల్లవాణ్ణి ఇంటికి తీసుకుపోకుండానే వెళ్ళిపోయారు. 2024లో కోర్టు ఆ తల్లినీ తండ్రినీ విడివిడిగా దోషులుగా తేల్చి, ఏప్రిల్లో ఒక్కొక్కరికి 10 నుంచి 15 ఏళ్ళ శిక్ష వేసింది. బడిలో జరిగిన ఇలాంటి సామూహిక కాల్పుల్లో తల్లిదండ్రులకు నరహత్య నేరం కింద శిక్ష పడడం ఆ దేశంలో అదే మొదటిసారి అన్నారు. పిల్లలున్న ఇంట్లో తుపాకీకి తాళం తప్పనిసరి అనే చట్టం కూడా ఆ రాష్ట్రంలో 2024 ఫిబ్రవరి 13 నుంచి అమలులోకి వచ్చింది. ఫ్లోరిడా రాష్ట్రం ఇలాంటి చట్టాన్ని 1989లోనే చేసింది.

ఆ కేసులో నన్ను కదిలించింది ఒకటే. ఆ తల్లిదండ్రులు కొడుక్కి తుపాకీ కాల్చడం నేర్పించారు. పిల్లవాడి మనసులో ఏముందో మాత్రం చూడలేదు. చూసినా చూడకపోయినా తాళం పడి ఉండవలసింది.

అక్కడ ఉండగానే ఇంకొకటి జరిగింది. చిన్నమ్మాయి కూతురికి తొమ్మిదేళ్ళు. తరగతి స్నేహితురాలు పుట్టినరోజుకు పిలిచింది. రాత్రి అక్కడే పడుకోవాలట. మా అమ్మాయి ఆ పిల్ల తల్లికి ఫోన్ చేసి, ఏమి తేవాలి, ఎన్నింటికి రావాలి అని అడుగుతూ అడుగుతూ, "మీ ఇంట్లో తుపాకులున్నాయా? ఉంటే తాళం వేసి ఉంటాయా?" అని అడిగేసింది. నాకు తల కొట్టేసినట్టయింది. మనల్ని భోజనానికి పిలిచినవాళ్ళను పట్టుకుని ఇదేమి ప్రశ్న? ఫోన్ పెట్టగానే, "వాళ్ళేమనుకుంటారమ్మా?" అన్నాను.

"వాళ్ళేమీ అనుకోలేదు నాన్నా. రెండున్నాయట, ఇనుప పెట్టెలో ఉన్నాయట, నంబరు భార్యాభర్తలకే తెలుసట. అడిగినందుకు థాంక్స్ కూడా చెప్పింది" అంది. కాసేపాగి, "ఆ రోజు పక్కింటివాళ్ళు మనల్ని ఆ ప్రశ్న అడిగి ఉంటే నువ్వేం చెప్పేవాడివి నాన్నా?" అంది.

ఆ పక్కింటి ఆరేళ్ళవాణ్ణి నేను ఇన్నేళ్ళలో సరిగా తలుచుకోనేలేదు. తమ బిడ్డను నా ఇంటికి పంపిన ఆ తల్లిదండ్రులు నన్ను నమ్మారు. పోలీసాయన ఇల్లు కదా అనుకున్నారు. నా మనవడి సంగతే పట్టుకుని ఏడ్చాను కాని, నేను బాకీపడ్డది వాళ్ళకు కూడా. అమెరికాలో ఆ ప్రశ్న అడగమని పిల్లల వైద్యులే తల్లిదండ్రులకు చెబుతారట. ఈత కొలను ఉందా, కుక్క ఉందా అని అడిగినట్టే దీన్నీ అడుగుతారు. కాబట్టి మీ పిల్లలు అక్కడ ఉంటే, మొహమాటం వదిలి అడగమని చెప్పండి. మీరు అక్కడికి వెళ్ళినప్పుడు మనవలను ఎవరింటికైనా పంపవలసివస్తే మీరూ అడిగించండి.

ఇక మన ఇళ్ళల్లో చేయదగినవి నాలుగు మనవి చేసి ముగిస్తాను.

మొదటిది, నేర్పడం ఎక్కడ మొదలుపెట్టాలి? దీపావళి తుపాకీ దగ్గర. మనవడు రీలు తుపాకీ మన గుండెకు గురిపెట్టి "ఢాం" అంటే మనం చేతులు పైకెత్తి పడిపోయినట్టు నటిస్తాం. వాడు నవ్వుతాడు, మనమూ నవ్వుతాం. నేనూ చేశాను. కాని మనిషి ముఖానికి గురిపెట్టడం ఆట అని వాడికి నేర్పింది మనమే. బొమ్మ తుపాకీనైనా గోడమీది సున్నం చుక్కకు గురిపెట్టమనండి, మనిషికి వద్దనండి. తిరునాళ్ళలో బుడగలు కొట్టే ఎయిర్‌గన్ ఆటవస్తువు కాదు, దాని గుండు తగిలితే కన్ను పోతుంది. ఇక ఆరేడేళ్ళలోపు పిల్లలకు సూత్రాలు ఎక్కవు. వాళ్ళకు ఒక్కటే చెప్పాలి. ఎక్కడైనా తుపాకీ కనిపిస్తే ముట్టుకోకుండా దూరంగా వచ్చి పెద్దవాళ్ళకు చెప్పాలి. చెప్పినందుకు తిట్టకూడదు, మెచ్చుకోవాలి.

రెండవది, ఆసక్తి ఉన్న పిల్లలను ఏం చేయాలి? తుపాకీ సరిగా పట్టడం నేర్చుకునే చోట్లు వేరే ఉన్నాయి. ఎన్.సి.సి. ఉంది, రైఫిల్ క్లబ్బులు ఉన్నాయి. 2008లో బీజింగ్ ఒలింపిక్స్‌లో అభినవ్ బింద్రా బంగారు పతకం తెచ్చింది ఎయిర్ రైఫిల్‌తోనే. 2012లో లండన్‌లో అదే పోటీలో మన హైదరాబాదులో పెరిగిన గగన్ నారంగ్ కాంస్యం తెచ్చాడు. ఆ రేంజిలకు వెళ్ళి చూడండి. కాల్చనప్పుడు తుపాకీ తెరిచి ఉంటుంది, లోపల ఏమీ లేదని తెలిసేలా గొట్టంలో రంగు తీగ పెట్టి ఉంటుంది, ఆజ్ఞ లేనిదే ఎవరూ ముట్టుకోరు. గౌరవం అంటే అది. మన చట్టం ప్రకారం 21 ఏళ్ళు నిండనివారికి తుపాకీ ఉండకూడదు. నియమాల ప్రకారం జరిగే శిక్షణకు మాత్రమే మినహాయింపు. ఇంటి వరండాలో తాతయ్య చెప్పే పాఠం శిక్షణ కాదు. పెళ్ళి ఊరేగింపుల్లో సంతోషానికి గాలిలో కాల్చడం 2019 సవరణతో శిక్షార్హమైన నేరమయింది. రెండేళ్ళ వరకు జైలు, లక్ష రూపాయల వరకు జరిమానా, లేదా రెండూ. పిల్లల కళ్ళముందు పెద్దలు అలా కాలిస్తే మనం చెప్పిన సూత్రాలన్నీ గాలికి పోయినట్టే.

మూడవది, తాళం చిన్నపిల్లల కోసమే అనుకోకండి. పరీక్ష తప్పిన పదిహేడేళ్ళ కుర్రవాడున్న ఇల్లు, ప్రేమలో దెబ్బతిన్న అమ్మాయి ఉన్న ఇల్లు, మనలాగే ఒంటరితనంతో కుంగిపోయిన పెద్దవారున్న ఇల్లు, అన్నిటికీ అది అవసరం. అమెరికాలో తుపాకీ మరణాల్లో సగానికి పైగా ఆత్మహత్యలే. మనసు చీకటిపడిన గడియ చాలామందికి దాటిపోయేదే. ఆ గడియలో చేతికి ఏమీ అందకుండా చూడడం, పక్కన కూర్చుని మాట్లాడడం, వైద్యుడి దగ్గరికి తీసుకెళ్ళడం, ఇవీ మన పనులే. ఇంట్లో ఎవరి మనసైనా బాగాలేదని తోస్తే తుపాకీని ఇంట్లో ఉంచనే వద్దు. పోలీసు స్టేషన్లో గాని, లైసెన్సున్న డీలరు దగ్గర గాని భద్రపరచవచ్చు.

నాలుగవది, మన వయసువారికి ముఖ్యమైనది. లైసెన్సుదారు కాలం చేస్తే ఆ తుపాకీ ఇంట్లో అలాగే అటక మీద ఉండిపోతుంది. భార్యకు దాని సంగతి తెలియదు, పిల్లలు దూరాన ఉంటారు. వేసవి సెలవులకు వచ్చిన మనవలు అటక ఎక్కుతారు. లైసెన్సు ఆయనతోనే ముగుస్తుంది కనుక వారసులు దాన్ని ఆలస్యం చేయకుండా స్టేషన్లో గాని డీలరు దగ్గర గాని అప్పగించి రసీదు తీసుకోవాలి. ఆ తర్వాత వారసుల్లో ఎవరైనా తమ పేర లైసెన్సుకు దరఖాస్తు పెట్టుకోవచ్చు, లేదా అమ్మేయవచ్చు. పెన్షను కాగితాలు, బీమా కాగితాలు ఎక్కడున్నాయో ఇంట్లో చెప్పి ఉంచుతాం కదా. లైసెన్సు పుస్తకం ఎక్కడుందో, తుపాకీని ఏం చేయాలో కూడా ఒక కాగితం మీద రాసిపెట్టండి.

మా మనవడికి ఇప్పుడు ముప్పై ఏళ్ళు దగ్గర పడుతున్నాయి. ఈ ప్రసంగం సంగతి చెప్పి, "నీ కథ చెప్పుకోమంటావా?" అని ఫోన్లో అడిగాను. "చెప్పు తాతయ్యా. అది నా కథ కాదుగా, నీ కథ" అని నవ్వాడు. వాడు సరదాకే అన్నాడు. కాని వాడు అన్నది నిజం.

ఇంటికి వెళ్ళాక మీలో తుపాకీ ఉన్నవారు ఎవరైనా ఈ రాత్రే తాళం చూసుకుంటే, తాళంచెవి పిల్లలకు తెలియని చోటికి కాదు, మీ ఒంటిమీదికి మార్చుకుంటే, నేను ఇన్నేళ్ళు దాచుకున్న నామోషీని ఈ వేదిక మీద బయటపెట్టినందుకు ఫలితం దక్కినట్టే.